మస్తాన్‌బీ నడిమిల్లు

ఏందమ్మాయ్ చందనా, ఆ కాయితాన్ని అట్టా తిప్పి తిప్పి చూస్తన్నావ్? ఇటియ్యి. ఆగాగు, కళ్ళజోడు లేకపోతే నాకంతా చీమల బారే. ఆ... ఇదా! ఇది పాత పటంగా! మన రోడ్డు మొట్టమొదట పడ్డప్పుడు గీసింది. ఇన్నేళ్ళు చెదలు పట్టకుండా ఫైల్లో దాచారంటే మీ సచివాలయం వాళ్ళని మెచ్చుకోవాల్సిందే. ఇదిగో, ఈ పక్కన మా వేపమెట్ట. ఆ పక్కన సున్నపుకుంట. రెంటికీ మధ్యలో చేలల్లో ఒంటి డబ్బా గీశారు చూడు, దాని కింద ఏం రాశారు? 'మస్తాన్‌బీ, కాపురమున్న ఇల్లు.' అదీ! నువ్వు పొద్దుటి నుంచి టేపు పట్టుకుని అక్కడంతా తిరిగి, ఇక్కడ ఇల్లేదీ అనుకుంటన్నావన్నమాట. ఇప్పుడు లేదులే. ఆయమ్మ పోయి పన్నెండేళ్ళయింది, ఇల్లు పడిపోయి పదేళ్ళయింది. కానీ ఆ ఇల్లు కట్టకపోతే ఈ రోడ్డు పడేది కాదు. పడకపోతే, పాతదైంది మళ్ళీ వేసుకోండని ఇయ్యాల గవర్నమెంటు డబ్బులిచ్చేదీ లేదు, నువ్వు స్కూటీ మీద మా అరుగు దాకా వచ్చేదీ లేదు. కూర్చో కూర్చో. ఎండ చూడు ఎట్టా కాస్తందో. ఏమే జయా, ఇంజినీరమ్మాయొచ్చింది, మజ్జిగ తెచ్చియ్యి! అసిస్టెంటువా? ఏదైతేనేం, రోడ్డు కొలిచేవాళ్ళంతా మాకు ఇంజినీర్లే.

మస్తాన్‌బీ అంటే గాజులామె. పిడుగురాళ్ళలో ఉండేది, చెల్లెలి కొడుకు సుభానీ ఇంట్లో. సుభానీ లారీ మెకానిక్కు, మంచోడు. ఈమెకి భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. పొట్టి మనిషి, ఇంత ఉండేది, నా భుజం దాకా. నవ్విందంటే ముందు పన్ను లేని సందులోంచి గాలి ఈలేసేది. నరసరావుపేట పోయి టోకున గాజులు తెచ్చుకునేది. మలారం అంటారు, తెలుసా? గాజులన్నీ తాళ్ళకి గుచ్చి కట్టిన మూట. అదొక భుజానికి, అట్టపెట్టెలు పేర్చిన గంప నెత్తిన. బెల్లంకొండ తార్రోడ్డు మీద బస్సు దిగి, అక్కడి నుంచి మా ఊరికి మూడు కిలోమీటర్లు నడక. నడకంటే ఇప్పటి నడక కాదు. బండి చాళ్ళు మోకాలి లోతున. వానపడిందా, నల్లరేగడి కాళ్ళకి పట్టుకుందంటే ఒక్కో కాలు కుంచెడు బరువు. చెప్పులు చేతిలో పట్టుకుని, గంప కదలకుండా, 'యా అల్లా, యా అల్లా' అనుకుంటా వచ్చేది. ఒకసారి నా కళ్ళముందే జారింది. గంప పోయి గట్టు మీద పడింది, గాజులన్నీ పెంకులు. ఆమె ఆ బురదలోనే కూర్చుని, నా వంక చూసి, 'శెట్టీ, ఇయ్యాల మీ ఊరి దారికి నేనే గాజులు తొడిగా' అని నవ్వింది. నవ్వింది గానీ లేవటానికి చానాసేపు పట్టింది. మోకాళ్ళు, పాపం, అప్పటికే అరవై దగ్గరికొచ్చినయ్.

ఆయమ్మ చేతిలో ఏదో మహత్తు ఉండేదమ్మాయ్. మా ఆవిడ జయ చేతులు చూశావుగా, పిడికిలి గట్టిది, షాపులో అయితే రెండు పగలందే ఒకటి ఎక్కదు. మస్తాన్‌బీ ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ కణుపులు ఇట్టా నొక్కుతా, 'ఏం కూరొండావు, మీ తమ్ముడికి సంబంధం కుదిరిందా' అని కబుర్లలో పెట్టేది. వీళ్ళు జవాబు చెప్పేలోపు గాజు మణికట్టు దాటిపోయేది. రెండూళ్ళల్లో ఆమె పట్టుకోని ఆడచెయ్యి లేదు. పొద్దున మా ఊరు, మధ్యాన్నం సున్నపుకుంట. ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ ఎత్తేది కాదు. ఎత్తుంటే గొడవలే, ఎందుకంటే అప్పటికి ఆ ఊరికీ మా ఊరికీ మాటల్లేవు.

ఎందుకా? నవ్వుతావు. నాటకం గొడవ. పొలం గట్టు కాదు, నీళ్ళు కాదు, నాటకం. మా జక్కయ్య మామ లేడూ, అప్పట్లో ఊరికి పెద్ద, ఆయనకి పద్యనాటకాలంటే పిచ్చి. పేట నుంచి, అదే నరసరావుపేట నుంచి, ట్రూపుని పిలిపించి, డబ్బులిచ్చాం గదా అని రాజు వేషం తనే కట్టాడు. గొంతు బాగానే ఉండేదిలే, కానీ రాగం తీస్తే ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. చూడటానికి సున్నపుకుంట వాళ్ళంతా వచ్చారు. వాళ్ళల్లో హనుమాయమ్మ అని ఒకావిడ. మనిషి నిండుగా ఉండేది, నోరు అంతకన్నా నిండు. ఎదుటి వేషగాడు పద్యం పాడితే 'వన్స్‌మోర్!' అని అరిచింది. మళ్ళీ పాడాడు. మళ్ళీ 'వన్స్‌మోర్!' అట్టా ఆరుసార్లు. జక్కయ్య మామ కిరీటం పెట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు, ఆయన వంతు రాదే! తీరా వచ్చి పాడితే ఒక్కరూ అనలా. పైగా రాగం సాగుతుంటే హనుమాయమ్మ, 'ఒరేయ్, బండెద్దులకి నీళ్ళు పెట్టొద్దాం పదండ్రా, ఈయన ఇప్పట్లో దిగడు' అనింది. అంతే. ఇంకేముంది, కిరీటం ఒకవైపు, హార్మోనియం ఒకవైపు. ఆనాటి నుంచి ఇరవై రెండేళ్ళు, ఈ ఊరోళ్ళు ఆ ఊరికి చుట్టపుచూపుగా కూడా పోలా. నేను మాత్రం రెండూళ్ళకీ ఉప్పూ పప్పూ అమ్ముకునేవాణ్ణి. ఆ ఊరి నుంచి కొట్టుకొచ్చేవాళ్ళు ఊరి వెనక నుంచి వచ్చి వెనక నుంచే పోయేవాళ్ళు. కోమటోడికీ గాజులామెకీ ఊరి పగలుండవుగా.

ఆ, రోడ్డు దగ్గరికొద్దాం. ఎలక్షన్లప్పుడు ఎవరొచ్చినా వేస్తామనేవాళ్ళు, అది వేరే సంగతి. ఈసారి నిజంగానే డబ్బులొచ్చినయ్. రోడ్డు లేని పల్లెలన్నిటికీ వేస్తన్నారని పేపర్లో పడింది. మండలాఫీసు నుంచి ఏఈ గారొకాయన జీపులో తార్రోడ్డు దాకా, అక్కడి నుంచి నడిచి వచ్చాడు. నెమ్మదైన మనిషి. మా అరుగు మీదే కూర్చుని, 'పెద్దాయనా, రూలొకటుంది. ఐదొందల మంది ఉన్న ఊరికే ఈ డబ్బు' అన్నాడు. మా ఊళ్ళో మూడొందల పది మంది. సున్నపుకుంటలో రెండొందల నలభై. జక్కయ్య మామ మొహం మాడిపోయింది. ఏఈ గారు మళ్ళీ, 'దిగులు పడబాకండి, ఇంకో రూలుంది. ఈ ఊరి ఆఖరింటి నుంచి ఆ ఊరి మొదటింటికి అర కిలోమీటరు లోపుంటే రెంటినీ కలిపి ఒకే ఊరిగా రాయొచ్చు. రెండూళ్ళ పెద్దలూ ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టాల' అన్నాడు. జక్కయ్య మామకి ఆ రెండో మాట మొదటిదానికన్నా చేదుగా ఉంది. 'ఆ ఊరోళ్ళతోనా?' అన్నాడు. 'ముందు కొలవనీ' అని ఏఈ గారు టేపు తీశాడు.

ఇంక ఇప్పుడు చెప్పబోయేది నేనెవరికీ చెప్పలేదమ్మాయ్. మా ఆవిడకి తెలుసు, అంతే. ఊళ్ళో అందరూ మిరపకోతలకి పోయి ఉన్నారు. జక్కయ్య మామ అలిగి లోపలికి పోయాడు. టేపు కొస పట్టుకోవటానికి నేనే మిగిలా. ఏఈ గారు, 'మీ ఊరి ఆఖరిల్లు ఏది?' అన్నాడు. మా కొట్టు దాటినాక, సర్కారు తుమ్మల వెనకాల గొర్రెలాయన ఇల్లొకటుంది. వాళ్ళు మంద తోలుకుని నల్లమల వైపు పోయారు, తలుపు మూసుంది. నేనేమన్నానో తెలుసా? 'నా కొట్టే ఆఖరు సార్. అది ఉత్త గొర్రెల పాక' అన్నా. ఎందుకన్నానంటావా? రోడ్డు లేని ఊళ్ళో కొట్టు పెట్టినోడు రాజు లాంటోడు. సబ్బుబిళ్ళ నేను చెప్పిందే రేటు, కందిపప్పు నేను తూచిందే తూకం. రోడ్డు పడిందా, జనం బస్సెక్కి పేటకి పోతారు, నేను అరుగు మీద ఈగలు తోలుకుంటా కూర్చోవాల. ఆ భయం. అప్పుడు నాకు యాభై రెండేళ్ళు, చిన్నపిల్లోణ్ణి కాదు, తెలిసే చెప్పా. టేపు లాగితే ఐదొందల ముప్పై ఏడు మీటర్లొచ్చింది. గొర్రెలాయన గుమ్మం దగ్గర నిలబడుంటే నాలుగొందల తొంభై చిల్లరే వచ్చేది. ఏఈ గారు తల గోక్కుని, 'అయ్యో, కొంచెంలో పోయిందే' అన్నాడు. ఆయన బాధ చూశా. చూసి కూడా టేపు చుట్టి ఆయన చేతికిచ్చా.

అప్పుడే మస్తాన్‌బీ గంప దించుకుని వేపచెట్టు కింద నిలబడి చూస్తా ఉంది. ఏఈ గారిని ఆపింది. 'సార్, మధ్యలో ఒక ఇల్లుంటే?' అంది. ఆయన నవ్వాడు. 'ఉంటే ఇంకేం, ఇక్కడి నుంచి దానికి, దాని నుంచి అవతలికి కొలుస్తా. కానీ ఉత్త గోడలుంటే రాయను. మనిషి కాపురముండాల, పొయ్యి వెలగాల. నెలరోజుల్లో ఆఖరు లిస్టు పంపే ముందు మళ్ళీ వస్తా' అని చెప్పి జీపు కోసం నడుచుకుంటా పోయాడు.

ఆయన పోయాక ఆమె మా ఇంటికొచ్చింది. జయకి గాజులు తొడిగింది, ఎప్పటిలాగే కబుర్లాడింది. జయ మంచినీళ్ళకని లోపలికి పోగానే నా వంక తిరిగి, 'శెట్టీ, గొర్రెలాయన పెళ్ళాం చేతి కొలత రెండున్నర. ముప్పై ఏళ్ళుగా ఆ గుమ్మంలో కూర్చునే తొడుగుతన్నా. అది పాకెప్పుడయిందయ్యా?' అంది. తలెత్తలేకపోయా. 'రేపే మండలాఫీసుకి పోయి ఒప్పుకుంటా అక్కా' అన్నా. ఆమె గాజుల తాడు ముడేస్తా ఆలోచించింది. 'వద్దు. నువ్వు చెప్పావంటే జక్కయ్య నిన్ను కొట్టెత్తేసి పొమ్మంటాడు. అవతలూరోళ్ళు, చూశారా, వేపమెట్టోళ్ళు కావాలనే చెడగొట్టారంటారు. ఇక ఆ రెండూళ్ళు ఒక కాయితం మీద సంతకం పెట్టటం ఈ జన్మలో జరగదు. నువ్వు నోరు మూసుకుని కూర్చో. ఇల్లు నేను వేసుకుంటా. తలుపు మాత్రం నువ్వియ్యాల' అంది. నువ్వా, ఆ చేలల్లోనా, ఒక్కదానివా, పిడుగురాళ్ళలో కరెంటు, కుళాయి అన్నీ వదిలేసా అన్నా. 'పిడుగురాళ్ళలో నా చెయ్యి ఎవురు పట్టుకున్నారు శెట్టీ? నేను పట్టుకున్న చేతులన్నీ ఇక్కడే ఉన్నయ్' అంది. ఇంకో మాట కూడా అంది. 'ఇంకా రెండేళ్ళు ఈ దారిన నడిస్తే నా మోకాళ్ళు పోతయ్. అప్పుడు నేను మిమ్మల్నెవర్నీ చూడలేను.' ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వలా.

ఇంక చూడు ఆమె తెలివి. మధ్య చోటేమో హనుమాయమ్మ చేను చివర. పైకప్పుకి తాటాకు, దూలానికి తాటిమొద్దు కావాలంటే జక్కయ్య మామ దగ్గరే. ముందు సున్నపుకుంట పోయింది. హనుమాయమ్మకి గాజులు తొడుగుతా, 'అదేందో వదినా, జక్కయ్య అంటన్నాడు, ఆ ఊరోళ్ళకి మూరెడు నేల ఇవ్వటానికి కూడా చేతులు రావంట, అంతా మా ఊరే పెట్టుకోవాలంట' అంది. హనుమాయమ్మ ఇంతెత్తున లేచింది. 'ఎవడే ఆ మాటన్నది? మూరెడేంది, నాలుగు సెంట్లు తీసుకో! ఆ రాగాలాయన మొహాన కొట్టినట్టు!' అంది. అక్కడి నుంచి సరాసరి మా జక్కయ్య మామ దగ్గరికొచ్చి, 'అయ్యా, హనుమాయమ్మ నాలుగు సెంట్లు నేలిచ్చింది. తాటాకులు కూడా మేమే ఇస్తాం, వేపమెట్టోళ్ళ దగ్గర ఎండుపుల్ల కూడా రాలదని అంటంది' అని చెప్పింది. ఆయన మంచం మీద నుంచి లేచి, పై కండువా దులిపి, 'ఏ మొద్దు కావాలో నువ్వే పోయి చూసుకో' అన్నాడు. రెండు చోట్లా అబద్ధమే చెప్పింది. నా అబద్ధం ఊళ్ళని దూరం చేస్తే ఆమె అబద్ధాలు దగ్గరికి లాక్కొచ్చినయ్.

ఇల్లు కట్టే రోజు రెండూళ్ళ వాళ్ళూ వచ్చారు. ఇటోళ్ళు ఇటు నిలబడ్డారు, అటోళ్ళు అటు నిలబడ్డారు, మధ్యలో గోడలు. పని నడుస్తంది గానీ పలుకూ లేదు పిలుపూ లేదు. ఆ పార కావాలంటే, 'ఆ పార ఇటిస్తే బాగుండు' అని గాల్లోకి చూసి అనేవాళ్ళు. దూలం ఎత్తే వేళయింది. పచ్చి తాటిమొద్దు, ఎనిమిది మంది ఎత్తాల. ఇటు నలుగురు, అటు నలుగురు. అందరూ ఒక్కసారి ఎత్తాలంటే కూతుండాలిగా, జక్కయ్య మామ అలవాటుగా ఒక పద్యం ఎత్తుకున్నాడు. మర్చిపోయి ఎత్తుకున్నాడో, కావాలనే ఎత్తుకున్నాడో ఆయనకే తెలియాల. రాగం సాగింది. అందరం హనుమాయమ్మ వంక చూస్తన్నాం. ఆమె బురద తొక్కుతా తొక్కుతా ఆగిపోయింది. మస్తాన్‌బీ పోయి ఆమె పక్కన నిలబడి మోచేత్తో పొడిచింది. అప్పుడు హనుమాయమ్మ నడుమ్మీద చేతులు పెట్టుకుని, ఆ నిండు గొంతుతో, 'వన్స్‌మోర్!' అంది.

నువ్వు చూసి తీరాలమ్మాయ్ ఆ జక్కయ్య మామ మొహం. ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన మాట. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ 'వన్స్‌మోర్!' ఈసారి ఇంకో పదిమంది కూడా అరిచారు. మూడోసారి పాడుతుంటే దూలం కింద ఉన్నోళ్ళు, 'మామోయ్, నీకు దణ్ణం పెడతాం, దూలం ఎక్కించినాక పాడుకో, భుజాలు పడిపోతన్నయ్!' అని గోల. ఆ గోలకి ఇటోళ్ళూ అటోళ్ళూ కలిసి నవ్వారు. ఆ మధ్యాన్నమే ఆ కొత్తింటి గుమ్మంలో, నేనిచ్చిన తలుపుని బల్లలా పడేసి, దాని మీద కాయితం పెట్టి రెండూళ్ళూ సంతకాలు చేశారు. మొదటి సంతకం జక్కయ్య, రెండోది హనుమాయమ్మ. ఆమెకి సంతకం రాదు, వేలిముద్రేసి, ఆ వేలు ఆయన కండువాకే తుడిచింది.

సుభానీ వచ్చి మొత్తుకున్నాడు. 'ఖాలా, నేను గెంటేశాననుకుంటారు జనం, పద ఇంటికి' అన్నాడు. 'నువ్వే రోడ్డు మీద లారీ వేసుకొచ్చి నన్ను చూసి పోదువుగాని' అని పంపించేసింది. వాడు పోతా పోతా ఒక పాత లారీ బ్యాటరీ పెట్టి బల్బు వెలిగించి పోయాడు. ఒకరోజు తేలు, ఒకరోజు గాలివానకి సగం తాటాకు పోయింది. జయ పోయి చూస్తే, తడిసిన గాజుల అట్టపెట్టెలన్నీ పొయ్యి చుట్టూ పేర్చి ఆరబెట్టుకుంటా, తను మాత్రం తడిబట్టల్లోనే ఉందంట. మా ఆవిడ చీర ఇచ్చి వచ్చింది. ఆ వారం నుంచి రోజూ ఎవరో ఒకరు పోయేవాళ్ళు. మా ఊరి నుంచి ఒకామె కూర తీసుకుపోతే, ఆ ఊరి నుంచి ఒకామె పెరుగు తెచ్చేది. ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడేవాళ్ళు. ఎదురుపడ్డాక ఎంతసేపు మాట్లాడకుండా ఉంటారు చెప్పు, ఆడవాళ్ళు? మగవాళ్ళమైతే ఉండేవాళ్ళమేమో.

నెలకి ఏఈ గారొచ్చాడు. పొయ్యి వెలుగుతంది, తాడు మీద చీర ఆరుతంది, గుంజకి కోడిపెట్ట కట్టేసుంది. ఆయన చుట్టూ తిరిగి చూసి, 'ఎవరమ్మా ఇక్కడ ఇల్లేసుకోమంది?' అన్నాడు. 'నా మోకాళ్ళు సార్' అంది. ఆయనకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. 'నిజం చెప్పు, రోడ్డు పడగానే ఎత్తేసి పోతావా?' అన్నాడు. 'రోడ్డు లేనప్పుడే వచ్చా, పడినాక ఎందుకు పోతా సార్?' అంది. ఆయన టేపు తీశాడు. మా కొట్టు నుంచి ఆమె గుమ్మానికి రెండొందల అరవై ఐదు, అక్కడి నుంచి సున్నపుకుంటకి రెండొందల డెబ్బై ఐదు. అప్పుడు గీసిందే ఈ డబ్బా. ఆయన చేతి గీతే ఇది.

పని మొదలైనాక ఇంకో తమాషా. కాంట్రాక్టరు తరఫున సుధీర్ బాబు అని ఒక కుర్రోడు సూపర్‌వైజరుగా వచ్చాడు, నల్లకళ్ళద్దాలు. కంకర పరిచి రోలరు తిప్పుతుంటే మస్తాన్‌బీ రోజూ పోయి నిలబడేది. 'బాబూ, గట్టిగా తొక్కించావా?' అని. వాడు విసుక్కుని, 'నీకేం తెలుసు ముసలమ్మా?' అన్నాడు. 'నాకు రోడ్డు తెలవదు, గాజులు తెలుసు. సుభానీ టీవీఎస్ బండి వెనక గంప కట్టి పంపిస్తా. ఒక్క గాజు పగిలినా మళ్ళీ తొక్కిస్తావా?' అంది. వాడు నవ్వి సరేనన్నాడు. జనమంతా గట్టు మీద చేరారు. బండి పోయి వచ్చింది. గంప దించి చూస్తే ఏడు పగిలినయ్, అన్నీ వాగు తూము దగ్గరే. సుధీర్ బాబు మాట నిలబెట్టుకున్నాడు, అది చెప్పుకోవాల. ఆ తూము దగ్గర మళ్ళీ మట్టి పోసి, నీళ్ళు కొట్టి, రోలరు రెండ్రోజులు తిప్పాడు. రెండోసారి ఒక్కటి పగల్లా. వాడే వాళ్ళావిడకని రెండు డజన్లు కొనుక్కుపోయాడు. నువ్వు ఇందాక కొలిచావే, రోడ్డంతా గతుకులు పడ్డా ఆ తూము దగ్గర మాత్రం బానే ఉందని రాసుకున్నావుగా, అది అందుకే.

ఇంక బస్సు. నరసరావుపేట నుంచి పల్లెవెలుగు బస్సు వేశారు. మొదటిరోజు డ్రైవరుకి దండేశారు, బస్సుకి పసుపు కుంకం పెట్టారు, జక్కయ్య మామ పద్యం పాడాడు, హనుమాయమ్మ అడక్కుండానే వన్స్‌మోర్ అంది, డ్రైవరు హారన్ కొట్టి ఆపించాడు. రెండూళ్ళ ఆడవాళ్ళూ ఎక్కారు. ఎక్కడికే అంటే, పేటకి, గాజులకి! ఎవరు తీసుకుపోతన్నారు? మస్తాన్‌బీయే. తను సరుకు తెచ్చుకునే కొట్టుకే తీసుకుపోయింది అందర్నీ. ఆ కొట్టాయన గల్లాపెట్టె మీద నుంచి లేచి, 'ఏం బీబీ, నీ బేరమంతా నువ్వే తోలుకొచ్చి నాకప్పజెబుతన్నావా? రేపటి నుంచి నీ గంప ఎవరు చూస్తారు?' అన్నాడంట. ఆమె, 'కొనటం ఎవరైనా కొంటారు సేఠూ. తొడిగేదెవరు?' అందంట. నిజమేనమ్మాయ్, ఆమె పోయేదాకా అంతే జరిగింది. కొనేది పేటలో, తొడిగించుకునేది ఆ గుమ్మంలో. సీమంతాలకైతే బండి కట్టి తీసుకుపోయేవాళ్ళు.

నేను ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తన్నా. మా జయ కూడా పోయిందిగా. బస్సొస్తుంటే నేనూ లేచి నడుచుకుంటా ముందుకి పోయా. జయ కిటికీలోంచి సంచి చూపిస్తంది. ఏందా సంచి అని చూస్తే, కందిపప్పు! సబ్బులు! శెట్టి పెళ్ళాం శెట్టి కొట్టుండగా పేటలో పప్పు కొనుక్కొచ్చింది! 'కిలోకి ఎంత తేడానో తెలుసా మీకు?' అని బస్సులోంచే అందరికీ వినపడేలా అరుస్తంది. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలవలా. జనం ఒకటే నవ్వు. వారం తిరక్కుండా నేనూ రేట్లు తగ్గించాలే. కొట్టేమీ మూతపడలా, అది వేరే మాట. భయపడ్డంత ఏమీ అవలేదు.

ఆ సాయంత్రం నేనూ బస్సెక్కినాక, ఇకముందు రోజూ ఎక్కడ ఆపాల అని కండక్టరు అడిగాడు. అక్కడ మొదలైంది మళ్ళీ. మా ఊరి దగ్గరని ఇటోళ్ళు, కాదు మా ఊరని అటోళ్ళు. బస్సులోనే లేచి నిలబడి. ఇరవై రెండేళ్ళ గొడవ మళ్ళీ వచ్చుద్దేమో అనుకున్నా. కండక్టరు చెవులు మూసుకుని, 'ఆగండమ్మా తల్లులూ! ఆ వెనక సీట్లో నిద్రపోతందే, ఆ పెద్దామె ఎక్కడ దిగుద్ది?' అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. కాళ్ళు పైకి ముడుచుకుని, కిటికీకి తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని పడుకునుంది. ఒళ్ళో ఉత్త గంప. హనుమాయమ్మే నెమ్మదిగా, 'మధ్యలో' అంది.

మధ్యలో ఆపాడు. అందరూ అక్కడే దిగారు. సంచులు పట్టుకుని, పిల్లల్నెత్తుకుని, కొందరు ఇటూ కొందరు అటూ నడవాల, కానీ ఎవరూ కదల్లా. ఆమె దిగేదాకా ఉన్నారు. చివర్న మస్తాన్‌బీ రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, చీర దులుపుకుని, కళ్ళు నలుపుకుంటా ఇంత జనాన్ని చూసింది. తన గుమ్మం ముందు రెండూళ్ళూ నిలబడి ఉన్నయ్. 'అరె, ఇంతమందికి మా ఇంట్లో చాపలెక్కడున్నయ్!' అంది.

...

తాగావా మజ్జిగ? ఆ గ్లాసు అక్కడ పెట్టు, నేను తీస్తాలే.